ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు పిల్లలు, ప్రభుత్వ హైస్కూలు: టీచర్లు, సెక్షన్లు, భాష ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ పిల్లల్ని ప్రభుత్వ హైస్కూలుకి పంపే తల్లిదండ్రుల కోసం ఈ పేజీ. స్కూల్ కమిటీల్లో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. ఇక్కడ హైస్కూలంటే ఎక్కువచోట్ల 8, 9, 10 తరగతులు. కొన్నింటిలో 6, 7 కూడా ఉంటాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. 8వ తరగతి దాకా విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. 9, 10 తరగతులకు సమగ్ర శిక్షా (కేంద్ర విద్యా పథకం) నియమాలు, బోర్డు నియమాలు వర్తిస్తాయి. ఒకే గోడ మధ్య రెండు లెక్కలు నడుస్తాయి కాబట్టే చాలా గందరగోళం.

తెలుగు మీడియం, తెలుగు మొదటి భాష: రెండూ ఒకటేనా?

కాదు. లెక్కలు, సైన్సు, సోషల్ ఏ భాషలో చెబుతారన్నది మీడియం. మొదటి భాష ఒక సబ్జెక్టు మాత్రమే. ఒడియా మీడియంలో చదువుతూ తెలుగును మొదటి భాషగా రాసే పిల్లలుంటారు. తెలుగు మీడియం సెక్షన్ ఉన్న స్కూళ్లు వేరు, అవి తక్కువ.

అడ్మిషన్ రోజున "సార్, మీ దగ్గర తెలుగు ఉందా?" అని తండ్రి అడుగుతాడు. "ఉంది" అంటారు హెడ్మాస్టరు. రోజుకొక తెలుగు పీరియడ్ ఉందని ఆయన ఉద్దేశం. అన్ని పాఠాలూ తెలుగులోనే అని తండ్రికి అర్థమవుతుంది. అర్ధసంవత్సరం పరీక్షల దాకా ఈ పొరపాటు బయటపడదు. అందుకే మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. లెక్కలు, సైన్సు ఏ భాషలో చెబుతారు? తెలుగు సబ్జెక్టు చెప్పే టీచరు ఈ రోజున పోస్టులో ఉన్నారా? ఏ పుస్తకాలు వాడతారు? మూడో ప్రశ్నకు జవాబుగా పుస్తకాన్నే చేతిలోకి తీసుకుని మొదటి పేజీ చూడండి. పిల్లలు పదో తరగతి పరీక్ష రాయబోయే బోర్డు సిలబస్, ఆ పుస్తకంలోని సిలబస్ ఒకటో కాదో అక్కడే తెలిసిపోతుంది.

తెలుగులో చదువు అడిగే హక్కు మనకు నిజంగా ఉందా? ఎంతమంది పిల్లలుండాలి?

ప్రాథమిక స్థాయికి రాజ్యాంగంలోనే ఉంది. 1956లో ఏడో సవరణ ద్వారా వచ్చిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు బోధన పిల్లవాడి మాతృభాషలోనే సాగాలంటుంది. "వీలైనంతవరకు" అన్న మాట అందులో ఉంది. దాని మీదే ఆఫీసుల్లో వాదన నడుస్తుంది.

సంఖ్యల సంగతికొస్తే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ప్రాథమిక స్థాయికి ఒప్పుకున్న కొలత ఇది: తరగతిలో 10 మంది, లేదా స్కూలు మొత్తంలో 40 మంది ఆ భాషవాళ్లుంటే కనీసం ఒక టీచరును ఇవ్వాలి. హైస్కూలు స్థాయికి 1961 ముఖ్యమంత్రుల సమావేశంలో ఒప్పందం కుదిరింది. అప్పటి లెక్కలో 8 నుంచి 11 దాకా పై నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, ఒక్కో తరగతిలో 15 మంది ఉండాలి. కొత్తగా మొదలుపెట్టే చోట మొదటి నాలుగేళ్లు తరగతికి 15 మంది ఉంటే చాలు.

ఇవి చట్టాలు కావు, ప్రభుత్వాలు ఒప్పుకున్న రక్షణలు. ఈ అంకె చూపించి కోర్టులో తీర్పు తెచ్చుకోగలమని అనుకోకండి. కానీ కలెక్టరుకో, డీఈవోకో రాసే అర్జీలో "మా తరగతిలో 17 మంది తెలుగు పిల్లలున్నారు, 1961లో ఒప్పుకున్న కొలత 15" అన్న ఒక్క వాక్యానికి బరువుంటుంది. "తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం" అన్న వాక్యానికి ఆ బరువు రాదు.

పర్లాకిమిడి వాళ్లకు ఇది మరీ దగ్గరి విషయం. పిల్లలకు తెలిసిన భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది ఆ ఊళ్లోనే. తెలుగు పిల్లల కోసమే కాదు, సవర పిల్లల కోసం కూడా ఆయన ఆ పని చేశారు.

మా ఊళ్లో తెలుగు పిల్లలు ఇంతమంది ఉన్నా రికార్డులో ఎందుకు కనబడరు?

అడ్మిషన్ రిజిస్టర్లో "మాతృభాష" అనే గడి ఉంటుంది. అడ్మిషన్ల హడావిడిలో ఆ గడిలో అందరికీ ఒడియా అని రాసేస్తారు. అదే వివరం స్కూళ్ల, పిల్లల వివరాలుండే కేంద్ర డేటాబేస్ యూడైస్ ప్లస్‌లో పిల్లవాడి ప్రొఫైల్‌లోకి ఎక్కుతుంది. అక్కడ మాతృభాషకు ఒక గడి, బోధనా మీడియానికి మరో గడి ఉన్నాయి. పోస్టుల లెక్క వేసేవాళ్లు చూసేది ఈ కంప్యూటర్ లెక్కనే. స్కూల్లో 47 మంది తెలుగు పిల్లలుండి, రికార్డులో 9 మందే ఉంటే, పైఆఫీసు దృష్టిలో ఉన్నది 9 మందే.

సరిచేయించడం కష్టమేమీ కాదు. హెడ్మాస్టరు పేరిట తెల్లకాగితం మీద పిల్లవాడి పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు, పెన్ నంబరు రాసి, మాతృభాష తెలుగుగా మార్చమని కోరండి. పెన్ అంటే యూడైస్ ఇచ్చే 11 అంకెల శాశ్వత నంబరు, స్కూల్లో అడిగితే చెబుతారు. యూడైస్ లెక్కకు సాధారణంగా సెప్టెంబరు 30 ఆధార తేదీ. అంటే ఈ పని ఆగస్టులోపు అయిపోవాలి.

పేర్ల విషయంలోనూ ఒక మాట. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా పద్ధతిలో అది చివర వస్తుంది. ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్లో ఇంకోలా ఉంటే ఆధార్‌తో సరిపోల్చే దగ్గర ఆ పిల్లవాడి ఎంట్రీ ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి బోర్డు రిజిస్ట్రేషన్‌కు ముందే రెండింటినీ ఒకటి చేయించండి. సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే బోర్డు ఉన్న కటక్ దాకా తిరగాలి.

తెలుగు కావాలని ఎప్పుడు, ఎలా రాసివ్వాలి?

విద్యాసంవత్సరం మొదలుకాకముందే. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో "ముందస్తు నమోదు" అనే ఏర్పాటు ఉంది. ఏ భాషలో చదవాలనుకుంటున్నారో తల్లిదండ్రులు ముందుగా చెబితే స్కూలు ఆ పేర్లను ఒక రిజిస్టర్లో రాసుకోవాలి. ఒక స్కూల్లో సంఖ్య చాలకపోతే పక్క స్కూల్లోని పిల్లలతో కలిపి సర్దుబాటు చేయాలన్నది కూడా అందులో భాగమే. ఈ రెండో సంగతిని ఎవరూ అడగరు. ఒక హైస్కూల్లో 8 మంది, రెండు కిలోమీటర్ల దూరంలోని మరో హైస్కూల్లో 9 మంది ఉంటే రెండు చోట్లా "చాలరు" అనే జవాబే వస్తుంది. కలిపితే 17.

అర్జీని విడివిడిగా కాక, తరగతివారీగా ఒకే పట్టికతో ఇవ్వండి. వరుస నంబరు, పిల్లవాడి పేరు, వచ్చే ఏడు చదవబోయే తరగతి, కోరుకునే మొదటి భాష, కోరుకునే మీడియం, తల్లి లేదా తండ్రి సంతకం ఉంటే చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. మూడో కాపీని బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ద్వారా డీఈవో ఆఫీసుకు పంపండి.

ఒక తరగతి గదిలో ఎంతమంది ఉండొచ్చు?

6 నుంచి 8 తరగతులకు విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలి. అదొక్కటే కాదు. తరగతికొక టీచరైనా ఉండాలి, అందులో సైన్సు-లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు ఉండాలి. 100 మంది దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరు ఉండాలి.

9, 10 తరగతులకు 30 మందికి ఒక టీచరు, గదికి 40 మంది అన్నది రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ కాలం నుంచి వస్తున్న కొలత. 2018 నుంచి ఆ పథకం సమగ్ర శిక్షాలో కలిసింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి స్కూల్లోనూ ఒక టీచరుకు పిల్లలు 30కి తక్కువ, వెనుకబడిన వర్గాల పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 25కి తక్కువ ఉండాలంటుంది. గజపతి, రాయగడ ప్రాంతాల నుంచి రాసే అర్జీలో ఈ రెండో అంకెను తప్పకుండా ప్రస్తావించండి.

తొమ్మిదో తరగతిలో 83 మంది ఉంటే 40 లెక్కన మూడు సెక్షన్లు కావాలి: 28, 28, 27. ఆచరణలో 42, 41తో రెండే సెక్షన్లు చేస్తారు, కారణం గది లేకపోవడం. కాబట్టి సెక్షన్ విడగొట్టమని అడిగే అర్జీలో ఖాళీగా ఉన్న గది ఏదో, లేకపోతే ఏ గదిని సామాన్లకు వాడుతున్నారో కూడా రాయండి. గది చూపించని అర్జీ అక్కడే ఆగుతుంది.

"నిష్పత్తి ప్రకారం టీచర్లు సరిపోయారు" అంటున్నారు. మరి పిల్లలకు లెక్కల పీరియడే జరగడం లేదేం?

అసలు చిక్కు ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. నిష్పత్తి తలల్ని లెక్కపెడుతుంది. దానికి భాష తెలియదు, సబ్జెక్టూ తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఒక హైస్కూల్లో 8, 9, 10 తరగతులు, ప్రతి తరగతికి ఒక ఒడియా మీడియం సెక్షన్, ఒక తెలుగు మీడియం సెక్షన్. ఒడియా సెక్షన్లలో వరుసగా 40, 38, 35 మంది. తెలుగు సెక్షన్లలో 17, 15, 15 మంది. మొత్తం 160. 30 మందికి ఒకరు చొప్పున భాగిస్తే 5.33, అంటే 6 మంది టీచర్లు. స్కూల్లో 6 మంది ఉన్నారు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది.

ఇప్పుడు టైంటేబుల్ వైపు నుంచి చూడండి. రోజుకు 7 పీరియడ్లు, వారానికి 6 రోజులు, అంటే సెక్షన్‌కు 42 పీరియడ్లు. ఆరు సెక్షన్లకు 252. ఒక టీచరు వారానికి 30 పీరియడ్లు చెబుతారనుకుంటే 252ను 30తో భాగిస్తే 8.4, అంటే 9 మంది కావాలి. ఆరుగురు చెప్పగలిగేది 180 పీరియడ్లు. మిగతా 72 ఎక్కడికి పోతాయి? చిన్న సెక్షన్ల నుంచే పోతాయి, అంటే తెలుగు సెక్షన్ల నుంచి. గదిలో 15 మందే ఉన్నారు కాబట్టి ఆ పీరియడ్ ఖాళీగా వదిలినా పెద్ద గొడవ రాదు.

సబ్జెక్టువారీగా చూస్తే ఇంకా స్పష్టం. సెక్షన్‌కు వారానికి లెక్కలు 7, సైన్సు 7 పీరియడ్లు అనుకుందాం. సైన్సులో సగం, అంటే మూడున్నర, ఫిజిక్స్-కెమిస్ట్రీ భాగం. ఆ భాగాన్ని, లెక్కల్ని చెప్పేది పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్) టీచరే. సెక్షన్‌కు పదిన్నర, ఆరు సెక్షన్లకు 63 పీరియడ్లు. ఒక మనిషి వల్ల కాదు, కనీసం ఇద్దరు కావాలి. మూడు తెలుగు సెక్షన్లను మాత్రమే తీసుకుంటే 31.5, అంటే ఒక పూర్తి పోస్టుకు కొంచెం ఎక్కువే. తెలుగులో చెప్పగలిగిన పీసీఎం టీచరు ఒకరు కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదని ఈ ఒక్క లెక్కే చూపిస్తుంది.

మీ స్కూలుకు ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. గోడమీది టైంటేబుల్‌ను ఫోటో తీసుకోండి. ఒక్కో సెక్షన్‌లో ఏ సబ్జెక్టుకు వారానికి ఎన్ని పీరియడ్లు, వాటిని ఎవరు చెబుతున్నారు, వాళ్ల సబ్జెక్టు ఏమిటి అని మూడు నిలువు గళ్లు గీయండి. లెక్కల పీరియడ్ ఎదురుగా ఆర్ట్స్ టీచరు పేరు కనబడినచోట గుర్తు పెట్టండి. ఆ కాగితమే మీ అర్జీకి జతపరచాల్సిన పత్రం.

టీచర్ల మీద కోపం తెచ్చుకోవద్దు. 40 నిమిషాల పీరియడ్లు 30 అంటే వారానికి 20 గంటలు నిలబడి పాఠం చెప్పడం. విద్యాహక్కు చట్టం చెప్పే వారానికి 45 గంటల్లో పాఠం తయారీ కూడా కలిసే ఉంది. నోట్సులు దిద్దడం, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు కూడా ఆ మనిషివే.

తెలుగు, ఒడియా సెక్షన్లను కలిపి కూర్చోబెట్టవచ్చా?

ఇంగ్లీషు, డ్రిల్లు, డ్రాయింగు కలిపి చెబితే నష్టం తక్కువ. పై ఉదాహరణలో ఇంగ్లీషును కలిపితే సెక్షన్‌కు 6 చొప్పున మూడు తరగతుల్లో 18 పీరియడ్లు మిగులుతాయి. కానీ గదిలో 57, 53, 50 మంది అవుతారు, 40 దాటిపోతారు. అంటే అది తాత్కాలిక సర్దుబాటే, ఏడాదంతా నడిపేది కాదు.

లెక్కలు, సైన్సు కలపడం వేరే సంగతి. టీచరు ఒడియాలో చెబుతూ మధ్యమధ్య తెలుగులో రెండు ముక్కలు అనడం బోధన కాదు. అలా నడుస్తుంటే వారాల్లోనే అభ్యంతరం రాసివ్వండి. వేర్వేరు తరగతుల్ని, అంటే 9, 10 పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టడం హైస్కూలు స్థాయిలో అసలు ఒప్పుకోవద్దు.

హైస్కూల్లో ఏయే పోస్టులుంటాయి?

హెడ్మాస్టరు, టీజీటీలు (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్లు), హిందీ టీచరు, క్లాసికల్ టీచరు, పీఈటీ (వ్యాయామ టీచరు). టీజీటీల్లో మూడు రకాలు. ఆర్ట్స్ టీజీటీలు భాషలు, సోషల్ చెబుతారు. పీసీఎం వాళ్లు లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతారు. సీబీజెడ్ వాళ్లది జీవశాస్త్రం, రసాయన శాస్త్రం వైపు. క్లాసికల్ అంటే ఎక్కువచోట్ల సంస్కృతమే. తెలుగు టీచరు పోస్టు వేరే వర్గం, మంజూరైన స్కూళ్లలోనే ఉంటుంది. 9, 10 తరగతుల టీచరు కావాలంటే ఓఎస్‌ఎస్‌టెట్, 1 నుంచి 8 వరకైతే ఓటెట్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి.

"ముగ్గురు టీజీటీలున్నారు" అనే జవాబుతో ఆగిపోకండి. ముగ్గురూ ఆర్ట్స్ వాళ్లైతే పదో తరగతి పిల్లల గతి ఏమిటి?

పోస్టు ఖాళీ అయింది. ఎవరు నింపుతారు? ఎన్నాళ్లు పడుతుంది?

మొదట అది నిజంగా ఖాళీ పోస్టా అన్నది తేల్చుకోండి. మూడు రకాలుంటాయి. మంజూరై మనిషి లేనిది. మనిషి ఉన్నా డెప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నది: జీతం మన స్కూలు పేరు మీదే పడుతుంది, అందువల్ల రికార్డులో ఖాళీ కనబడదు. అసలు మంజూరే కానిది. మూడింటికీ అర్జీ వేరు. మొదటిదానికి భర్తీ అడగాలి, రెండోదానికి డెప్యుటేషన్ రద్దు అడగాలి, మూడోదానికి కొత్త పోస్టు మంజూరు అడగాలి. రెండోరకం త్వరగా తేలుతుంది, ఎందుకంటే అది జిల్లా స్థాయిలో ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. మూడోదానికి రాజధాని దాకా వెళ్లాలి.

8వ తరగతి దాకా చట్టం గట్టిగానే ఉంది. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ స్కూల్లోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు. లెక్క వేసి చూడండి: పోస్టులు పదికి తక్కువ ఉన్న స్కూల్లో ఒక్క ఖాళీ ఉన్నా 10 శాతం దాటినట్టే.

రిటైర్మెంట్లు ముందే తెలిసే విషయం. ఒడిశాలో రాష్ట్ర ఉద్యోగులకు 60 ఏళ్లు. తెలుగు టీచరు వచ్చే డిసెంబరులో రిటైరవుతారని జనవరిలోనే తెలిస్తే, జనవరిలోనే అర్జీ పెట్టండి. ఆయన వెళ్లిపోయాక మొదలుపెడితే ఒక బ్యాచ్ నష్టపోతుంది. ఆ మధ్యలో పిల్లల సంఖ్య తగ్గిందని పోస్టే పోయే ప్రమాదం కూడా ఉంది.

"మిగులు" టీచరని మా తెలుగు టీచర్ని వేరే స్కూలుకు పంపేస్తున్నారు. ఆపగలమా?

ఉత్తర్వు వచ్చాక కష్టం, రాకముందు వీలవుతుంది. మిగులు లెక్క మొత్తం పిల్లల సంఖ్య మీద వేస్తారు. ఆ లెక్కలో తెలుగు సెక్షన్‌ను విడిగా చూపించారా లేదా అన్నదే కీలకం. స్కూల్ కమిటీ సమావేశంలో తీర్మానం చేయించండి. అందులో తెలుగు మొదటి భాషగా ఉన్న పిల్లల సంఖ్య తరగతివారీగా, ఆ టీచరు వారానికి చెప్పే పీరియడ్లు, ఆయన వెళ్తే ఆ సబ్జెక్టు చెప్పగలిగిన మరో టీచరు స్కూల్లో లేరన్న వాక్యం ఉండాలి. చట్టప్రకారం మేనేజ్‌మెంట్ కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. మన తల్లులు అందులో సభ్యులైతే ఈ తీర్మానం కోసం ఎవర్నీ బతిమాలాల్సిన అవసరం రాదు.

ఎన్నికల పని, సర్వేల పని పేరుతో టీచర్లు రావడం లేదు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మూడింటినే అనుమతిస్తుంది: పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు. మిగతా సర్వేలకు పంపితే అభ్యంతరం చెప్పవచ్చు. టీచరు రాని రోజుల్ని తేదీలతో రాసిపెట్టుకోండి. "తరచుగా రావడం లేదు" అంటే ఎవరూ వినరు, "జులైలో 9 రోజులు" అంటే వింటారు.

మార్కుల్ని బట్టి ఏ, బీ సెక్షన్లుగా విడగొట్టారు. సరైనదేనా?

మంచి పద్ధతి కాదు. పెద్దదయ్యే నష్టం ఎక్కడుందంటే, సబ్జెక్టు టీచర్లు తక్కువున్న స్కూల్లో ఉన్న ఒక్క లెక్కల టీచరును "ఏ" సెక్షన్‌కే వేస్తారు. బీ సెక్షన్ పిల్లలు వెనకబడింది భాష తెలియక అయి ఉండవచ్చు. ఏడో తరగతి దాకా తెలుగులో చదివి, ఎనిమిదిలో ఒడియా మీడియంలో కూర్చున్న పిల్లకు మొదటి యూనిట్ పరీక్షలో తక్కువ మార్కులొస్తాయి. దానికి మందు సెక్షన్ మార్చడం కాదు, మూడు నెలలు ఒడియా లిపి, పాఠ్యపదాలు నేర్పడం. అన్ని సెక్షన్లకూ అదే టీచర్లు తిరిగేలా టైంటేబుల్ అడగండి.

పాతపట్నం వైపు నుంచి, అంటే ఆంధ్ర స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడిని ఏ తరగతిలో వేస్తారు? టీసీ ఆలస్యమైతే?

8వ తరగతి దాకా టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, అది విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్. వయసు ధ్రువీకరణ లేదని కూడా ఆపకూడదు. కానీ కంప్యూటర్ ఒకచోట ఆపుతుంది. పాత స్కూలు యూడైస్‌లో పిల్లవాడిని "డ్రాప్ బాక్స్" (స్కూలు విడిచిన పిల్లల జాబితా)లోకి పంపితేనే కొత్త స్కూలు అతన్ని తమ జాబితాలోకి తీసుకోగలదు. టీసీ చేతికి ఇచ్చి, ఆ పని మరిచిపోయే స్కూళ్లు చాలా ఉన్నాయి. టీసీ తీసుకునే రోజునే పెన్ నంబరు రాయించుకుని, డ్రాప్ బాక్స్‌లో పెట్టారో లేదో అక్కడే అడిగి చూడండి. రాష్ట్రం దాటి వెళ్లే టీసీ మీద విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడగడం కూడా మామూలే. సరిహద్దు మళ్లీ దాటాల్సిన పని లేకుండా దాన్ని ముందే వేయించుకోండి.

తొమ్మిది పూర్తిచేసి పదో తరగతికి రాష్ట్రం మారడం వద్దన్నది మా గట్టి సలహా. ఒడిశాలో బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది. భాషల వరుస, సిలబస్ కూడా వేరు. మారక తప్పదనుకుంటే ఎనిమిది తర్వాత మారండి.

బడి మానేసి రెండేళ్లు పనికెళ్లిన పిల్లను చిన్న తరగతిలో కూర్చోబెడతారా?

14 ఏళ్లలోపైతే వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, 4వ సెక్షన్ అదే చెబుతుంది. తోటివాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్ర నమూనా నిబంధనల్లో దాని కాలం కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్లు. మధ్యలో 14 నిండినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచిత చదువు హక్కు ఆమెదే.

తొమ్మిదిలో భాషలు ఎంచుకోమంటున్నారు. ఏవి పెట్టాలి?

కటక్‌లోని మాధ్యమిక విద్యామండలి పరీక్షలో ఆరు సబ్జెక్టులు, ఒక్కోటి 100 చొప్పున 600 మార్కులు. మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్. మొదటి భాషగా ఒడియాతో పాటు తెలుగు కూడా ఉంది. రెండోది ఇంగ్లీషు.

మా సలహా: తెలుగు మొదటి భాష, ఒడియా మూడో భాష. తెలుగు మీద ఎంత ప్రేమ ఉన్నా ఒడియాను పూర్తిగా వదలొద్దు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చినట్టు రుజువు కావాలి. స్కూల్లో ఒడియాను సబ్జెక్టుగా చదివి పాసైన కాగితం ఉంటే ఆ పని సులువవుతుంది. లేకపోతే తర్వాత విడిగా ఆ పరీక్ష రాయాల్సి ఉంటుంది. పోలీసు, టీచరు ఉద్యోగాలకు దరఖాస్తు చేసేనాటికి ఇది గుర్తొచ్చి బాధపడేవాళ్లు సరిహద్దు ఊళ్లలో తక్కువేమీ కాదు.

రిజిస్ట్రేషన్ ఫారం మీద మొదటి భాష గడిలో ఏముందో సంతకానికి ముందు మీ కళ్లతో చూడండి. టీచరు లేరన్న కారణంతో స్కూలే ఒడియా వేసేస్తే, పదో తరగతి హాల్‌టికెట్ వచ్చేదాకా బయటపడదు. అప్పటికి దిద్దే దారులు దాదాపు మూసుకుపోతాయి.

పది తర్వాత ప్లస్ టూలో గ్రూపు ఎలా వస్తుంది?

శామ్స్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఒకే దరఖాస్తులో కాలేజీలను, ఆర్ట్స్, సైన్స్, కామర్స్ విభాగాలను ఇష్టం వరుసలో పెట్టాలి. మార్కుల ప్రకారం సీటు వస్తుంది. ఒక్క కాలేజీ పెట్టి ఊరుకోవద్దు. సైన్స్ కావాలంటే ఇంటికి దగ్గరి కాలేజీ ఒకటి, హాస్టలున్న కాలేజీ ఒకటి తప్పకుండా వరుసలో ఉండాలి.

ఆంధ్రలో ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు వెళ్లాలనుకునే కుటుంబాలు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ స్థానిక అభ్యర్థిగా లెక్కించాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండటం ప్రధాన కొలత. 9 నుంచి ప్లస్ టూ దాకా ఒడిశాలో చదివితే ఆ లెక్కలోకి రారు. కాబట్టి ఎటు వెళ్లాలన్నది ఎనిమిదిలోనే ఆలోచించాలి.

వైకల్యం ఉన్న పిల్లలకు?

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు. నడవలేని పిల్లలున్న సెక్షన్‌ను కింది అంతస్తులో పెట్టమని అడగండి. రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి ఉంటారు. దీనికి వైకల్య ధ్రువపత్రం కావాలి, అదీ తొమ్మిదో తరగతిలోనే స్కూలుకు ఇవ్వాలి.

స్కూల్లో వినకపోతే ఎవరికి రాయాలి?

వరుస ఇది: హెడ్మాస్టరు, కమిటీ తీర్మానం, బీఈవో, డీఈవో, ఆపై కలెక్టరు ఉమ్మడి ఫిర్యాదుల విచారణ లేదా ఆన్‌లైన్ ఫిర్యాదుల జన సునాణి పోర్టల్. 8వ తరగతి దాకా హక్కుల విషయమైతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు మూడు నెలల్లో తేలాలి. దాని మీద రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు. భాష విషయమైతే కేంద్రంలోని భాషాపర అల్పసంఖ్యాకుల కమిషనర్‌కూ ఒక కాపీ పంపండి. 350బి అధికరణం కింద ఉన్న పదవి అది.

జవాబులు నోటిమాటగానే వస్తుంటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఒడిశాలో దానికి ఫారం ఎ వాడాలి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, గుర్తింపు కాగితం జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. "ఎందుకు టీచర్లు లేరు?" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ఇలా అడగండి: ఈ స్కూలుకు సబ్జెక్టువారీగా మంజూరైన పోస్టులు ఎన్ని, ఈ తేదీకి పనిచేస్తున్నవారు ఎంతమంది, డెప్యుటేషన్ మీద ఉన్నవారు ఎంతమంది, ఏ ఉత్తర్వు నంబరుతో వెళ్లారు, తరగతివారీగా మాతృభాష తెలుగుగా నమోదైన పిల్లలు ఎంతమంది. ఐదు ప్రశ్నలు, ఐదూ రికార్డులో ఉండే సంగతులే. వచ్చిన జవాబును మీరు గీసిన టైంటేబుల్ కాగితం పక్కన పెట్టి చూడండి. రెండూ కలవని చోటు దగ్గరే డీఈవోకు రాసే అర్జీ మొదటి వాక్యం మొదలవ్వాలి.